నిర్వివాదమను మాటయు, బళ్ళారి వివాదమును

నిజాము 1800 లో ఆంగ్లేయులకు వదలుకొన్న బళ్ళారి, కడప మొదలగు సీమలను దొరతనమువారు నూరేండ్లకు పైగా దత్తమండలములని వ్యవహరించుచు వచ్చిరి. ఒక ప్రభువు మరియొక ప్రభువునకు ఇచ్చివేసిన ఆస్తివలె తమ నేల పిలువబడుట సహింపరానిదై, ఆ ప్రాంతపు పెద్దలు 1928 లో నంద్యాలలో సభ చేరి రాయలసీమ యను నామమును స్వీకరించిరి. ఏ ప్రభుత్వపు టుత్తరువును లేకయే ఆ నామము జనుల నాలుకలపై నిలిచి, కరవులచే క్రుంగియున్న ప్రజలకు తామొక మహాసామ్రాజ్యపు వారసులమను ధైర్యమును ప్రసాదించెను. నాడు హంపి యున్న హోసపేట తాలూకా బళ్ళారి జిల్లాలోనిదే గావున, రాయల రాజధాని రాయలసీమయందే యుండెను. నేడు ఆ మాట వినినంతనే బళ్ళారియు హంపియు తలపునకు వచ్చువారెందరు?

బళ్ళారి జిల్లా రాయలసీమనుండి వేరైన ఈ మార్పు 1953 లో హఠాత్తుగా వచ్చినది కాదు. కాంగ్రెసు తన రాష్ట్రశాఖలను భాషలననుసరించి ఏర్పరచుకొన్న పిమ్మట, కేల్కరుగారి తీర్పు ననుసరించి ఈ జిల్లా ఆంధ్ర, కర్ణాటక శాఖల నడుమ పంపకమునకు వచ్చెను. ఒక పక్షము తన కార్యాలయముల సౌకర్యమునకై చేసికొన్న పంపకము, ముప్పదియేండ్ల అనంతరము రాష్ట్రముల సరిహద్దులకు దారిచూపెను. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15 న ప్రాణత్యాగము చేసిన పిదప ఆంధ్రరాష్ట్ర నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు, ఆనాటి చర్చలలో మాటిమాటికి వినవచ్చిన పదము ‘నిర్వివాద ప్రాంతము’. కొంత నేలను నిర్వివాదమని నిర్ణయించుటతోడనే తక్కిన నేల వివాదాస్పదమగును. అందు నివసించువారు ఏదో యొక పక్షమునకు సాక్ష్యము చెప్పవలసినవారగుదురు. ఇంటిలో ఒక భాషయు, అంగడిలో మరియొక భాషయు మాటలాడి, రెండింటను నవ్వి యేడ్చిన బళ్ళారి పౌరునకు ఇది యెంతటి సంకటము!

ఆ పట్టణపు నాటకరంగమును స్మరించినచో నా మాట స్పష్టమగును. ఆంధ్రనాటక పితామహుడని కీర్తిగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభను నడపినదియు, కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభకు ప్రాణము పోసినదియు బళ్ళారియందే. న్యాయవాదవృత్తి యందుండి నటుడై దేశవిఖ్యాతి నార్జించిన రాఘవ తెలుగున, కన్నడమున, ఆంగ్లమునను నటించెను. ఆయన ఊరిపేరే ఇంటిపేరుగా లోకమునకు పరిచితుడయ్యెను గాని, ఏ భాషాపక్షపు మనిషిగాను కాలేదు. తెలుగు నాటక చరిత్రనుండి బళ్ళారిని తొలగించినచో మిగులునది యెంత? అయినను మన పాఠ్యపుస్తకములలో ఆ ఊరు పొరుగు రాష్ట్రపు ఊరుగానే కానవచ్చును.

తుదకు ఆంధ్రరాష్ట్ర నిర్మాణవేళ ఈ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినవి మైసూరునకును నిర్ణయమాయెను. బళ్ళారి తాలూకాను గూర్చి విచారించిన మిశ్రాగారు 1953 లో అది మైసూరునకే చెందవలెననగా, ఫజల్ అలీ అధ్యక్షతన నేర్పడిన రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము 1955 లో, తుంగభద్రా ప్రాజెక్టును ముఖ్యముగా దృష్టియందుంచుకొని, బళ్ళారి, హోసపేట, శిరుగుప్ప తాలూకాలు ఆంధ్రమునకు రావలెననెను. కేంద్రప్రభుత్వము ఆ సిఫారసును త్రోసిపుచ్చెను. రెండేండ్లలో ఒకే జనులు రెండు విధముల ‘మనవారు’ అయిరి. భాషారాష్ట్రముల నిర్మాణము న్యాయమేయని నా దృఢవిశ్వాసము. ప్రజల భాషలో పాలన సాగనిచో ప్రజాస్వామ్యమునకు అర్థము లేదు. నా అభ్యంతరమెల్ల, నేలకై సాగిన వాదములో మనుష్యులను కేవలము లెక్కకు వచ్చు అంకెలుగా మార్చివేసిన ఆ వాగ్ధోరణిని గూర్చియే.

రాజకీయముల నుడి కీడునే గాక మేలును చేయగలదు. 2012 నాటి రాజ్యాంగ సవరణముచే వచ్చిన 371జె అధికరణము, 1800 తరువాత నిజాము ఏలుబడిలో లేని బళ్ళారిని గూడ హైదరాబాదు కర్ణాటక ప్రాంతముతో చేర్చి, విద్యయందును ఉద్యోగములయందును స్థానికులకు ప్రత్యేకావకాశములు కల్పించెను. 2019 లో ఆ ప్రాంతము కల్యాణ కర్ణాటకమాయెను. చరిత్ర అంగీకరించినను లేకున్నను, చదువుకొను బిడ్డకు ఆ పేరు అక్కరకు వచ్చినది. ప్రజల అవసరమును చూచి పెట్టిన పేరునకును, వారిని తమవైపు లాగుకొనుటకై పెట్టిన పేరునకును గల భేదము ఇచ్చట తేటతెల్లమగుచున్నది.

ఎన్నికలనాడు సరిహద్దు దాటివచ్చి ‘మన తెలుగువారు’ అని పలుకరించు నాయకులను, ఆదోని రాయదుర్గములలో ‘మన కన్నడిగులు’ అని కంఠమెత్తువారిని నేనడుగునది ఒక్కటే. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషయందే లభించునట్లు చూడవలెనని 1956 లోనే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. బళ్ళారిలోని తెలుగు బడికి ఉపాధ్యాయుని, రాయదుర్గములోని కన్నడ బడికి పుస్తకమును తెచ్చి యిచ్చిన పిమ్మటనే ‘మన’ యను మాటను వారు పలుకుదురు గాక; అంతవరకు ఆ మాటను నమ్మి ఓటు వేయవద్దని ఇరువైపుల పాఠకులను ప్రార్థించుచున్నాను.