చెక్క చేపకు గట్టి పూత

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు పోయిన సెలవుల్లో చెక్కతో చేపను చెక్కారు. ఆటకు కాదు, గాలానికి కట్టడానికి. బొచ్చె, శీలావతి పిండిముద్దకు వస్తాయి గాని కొర్రమీను, వాలుగ అలా కాదు. కదిలే చిన్న చేప కనబడితే మీద పడతాయి. వెండి పొట్ట, ఎర్రకళ్లు భలేగా కుదిరాయి. నాగావళిలో నాలుగుసార్లు వేసేసరికి రంగు పొక్కులు లేచి, చెక్క ఉబ్బి, ఒక పక్కకు ఒరిగి ఈదడం మొదలుపెట్టింది. "మాష్టారూ, చేప నీళ్లు తాగేసిందండీ" అన్నాడు చిన్నవాడు ఏడుపు గొంతుతో. రెండు వారాల పని మరి! అందుకే ఈసారి పూత గురించి రాస్తున్నాను.

పూత అనగానే మనవాళ్లకు ఏటికొప్పాక లక్కబొమ్మలు గుర్తొస్తాయి. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో నిగ్గు తేలుస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతిలో పట్టుకునే బొమ్మకు అంతకు మించిన సొగసు లేదు. నీళ్లలో నానే వస్తువుకు మాత్రం లక్క ఆగదు. వడ్రంగులు పూసే చపడా పాలిష్ కూడా లక్కే. తడి గ్లాసు పెట్టిన బల్ల మీద తెల్లమచ్చ పడటం చూసే ఉంటారు.

నీటికి నిలిచేది రెండు సీసాలు కలిపి వాడే ఎపాక్సీ. విరిగినవి అతికించే అరాల్డైట్ ఆ జాతిదే. పూతకు అంతకన్నా పలచగా, గాజులా తేటగా ఉండే రకం కొనండి. ఇది వార్నిష్‌లా ఆరేది కాదు, రెండు ద్రవాలు కలిసి గట్టిపడేది. త్వరగా బిగుస్తుందని హార్డెనర్ నాలుగు చుక్కలు ఎక్కువ పోస్తే గట్టిపడదు సరికదా, జిగురుగానే ఉండిపోతుంది. సీసా మీద రాసిన పాళ్లు తప్పకూడదు.

కోరాపుట్‌కూ రాయగడకూ తేడా ఇక్కడే వస్తుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన మందు పనికొచ్చే సమయం దాదాపు సగమవుతుంది. రాయగడ ఎండల్లో మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే వేడెక్కి చిక్కబడుతుంది. కొండ మీద, కోరాపుట్ పుష్యమాసపు చలిలో అదే మందు తేనెలా సాగుతుంది, బుడగలు వదలదు, తెల్లారినా వేలికి అంటుకుంటుంది. అప్పుడు మూతలు బిగించి సీసాలను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. వానాకాలం మాత్రం రెండు ఊళ్లలోనూ వద్దు. తేమకు పైన మైనంలాంటి పొర కడుతుంది. దసరా దాటి చలి ముదరక ముందు మంచి అదను.

చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు వేయకముందే ఒక పలచని పూత వేయండి. కొక్కేలు తగిలించే కన్నాల లోపలకూ చేరాలి సుమా, నీళ్లు ముందు దూరేది అక్కడే. రంగు పూర్తిగా ఆరాక మళ్లీ పూత. పూసి వేలాడదీస్తే మందంతా తోక దగ్గర బొట్టు కడుతుంది. అందుకని తీగకు గుచ్చి, కదలకుండా నిలిచేదాకా గంటో రెండు గంటలో మెల్లగా తిప్పుతూ ఉండాలి. టీవీ ముందు కూర్చున్న తాతగారికి అప్పగించవచ్చు! మరునాడు లేతగా రుద్ది ఇంకో పూత. ఆపైన వారం రోజులు నీళ్ల జోలికి పోనివ్వకండి.

చెక్కడం, రంగులేయడం పిల్లలది. మందు కలపడం, కొక్కేలు బిగించడం పెద్దలది. హార్డెనర్ చర్మానికి పడకపోతే దద్దుర్లు లేస్తాయి. ఒకసారి పడనివాళ్లకు తరువాత కొంచెం తగిలినా బాధే. చేతులకు గ్లౌజులు, గదికి తెరిచిన కిటికీలు తప్పనిసరి.

కొలాబ్ జలాశయానికి తీసుకెళ్లేవాళ్లు ముందు అనుమతి సంగతి కనుక్కోండి. ఇంత గట్టి పూతైనా రాతికి కొట్టుకుంటే పెచ్చు లేస్తుంది. ఇంటికి రాగానే తుడిచి చూసి, లోపలి చెక్క బాగా ఎండాక, ఊడినచోట చిన్న చుక్క వేస్తే సరి.