నాలుగో వచనం ఎవరిది?

మన సండే స్కూల్లో ఏ పిల్లవాణ్ణి లేపి అడిగినా ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనం తడుముకోకుండా చెబుతాడు. తల్లిదండ్రులకు లోబడాలన్న ఆ మాటను బంగారు వాక్యంగా నేర్పించాం. సెలవుల బైబిల్ బడిలో (విబిఎస్) పాట కట్టి చేతులు తిప్పుతూ పాడించాం. కంఠత పోటీలు పెట్టి, తప్పు లేకుండా చెప్పినవాళ్లకు పెన్సిలు పెట్టెలు బహుమతిగా ఇచ్చాం. అదే అధ్యాయంలో నాలుగో వచనానికి వచ్చేసరికి పౌలు తండ్రుల వైపు తిరుగుతాడు. పిల్లల్ని రెచ్చగొట్టి వాళ్లలో కోపం పుట్టించవద్దంటాడు. ఆ వచనాన్ని ఏ తండ్రి చేతా మనం కంఠత పట్టించలేదు. కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయం 21వ వచనంలో ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు, అలా చేస్తే పిల్లల మనసు కుంగిపోతుందని. దాని మీద పురుషుల కూటంలో ప్రసంగం విన్న గుర్తు మనలో ఎంతమందికి ఉంది?

మరచిపోయి చేసిన పని కాదిది. పిల్లలు వినాల్సిన వచనం మనకు పనికొచ్చింది, మనం వినాల్సింది పనికి రాలేదు. ఇళ్లలో కోపం విషయంలో క్రైస్తవ తల్లిదండ్రులుగా మనం చేసిన మిగతా తప్పులన్నీ ఇక్కణ్ణుంచే పుట్టాయి.

కోపాన్ని మనం ప్రార్థనలో పెట్టాం. ఉపవాస కూటంలో చీటీ రాసిచ్చాం: మా ఆయనకు కోపం తగ్గాలి, నాకు సహనం కావాలి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డును అద్దం పక్కన అంటించాం. ప్రార్థన తక్కువదని నేను అనను. ఎత్తిన చెయ్యిని ప్రభువు పేరు తలచుకుని దించేసిన తండ్రులు మన మధ్య ఉన్నారు, ఆ తేడా వాళ్ల పిల్లల ముఖాల్లో కనిపిస్తుంది. కానీ మనలో ఎక్కువమందిమి ప్రార్థించిన తీరు వేరు. బయట నుంచి వచ్చి పట్టుకునే జ్వరంలా కోపాన్ని చూశాం, తీసెయ్యమని దేవుణ్ణి అడిగాం. ‘సాతాను శోధించాడండి, నోరు జారాను’ అన్నాం. సాతాను పేరు చెప్పాక ఇక ఇంట్లో జవాబు చెప్పాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

ఆదికాండం 4వ అధ్యాయంలో కయీను ముఖం మాడ్చుకున్నప్పుడు దేవుడు కయీనునే అడిగాడు. కోపం ఎందుకొచ్చిందని, తమ్ముడి మీద చెయ్యి పడకముందే అడిగాడు. కయీను జవాబు చెప్పినట్టు అక్కడ రాసి లేదు. మనమూ చెప్పలేదు. నిజంగానే, ఎందుకొచ్చింది? ఆ రోజు ఆఫీసులో ఎవరి ముందు తల వంచుకుని వచ్చాం? ఫైనాన్సువాడు ఇంటి ముందుకొచ్చి ఏమన్నాడు? వాళ్ల మీద చూపలేని కోపాన్ని ఎనిమిదేళ్ల పిల్లాడి మీద ఎందుకు చూపించాం? ఈ ప్రశ్నల దగ్గర ఆగితే మోకాళ్ల మీద ఇంకాసేపు ఉండాల్సి వచ్చేది. ఆగకుండా ఆమేన్ చెప్పి లేచాం.

ఆదివారం ఉదయం మన ఇళ్లలో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఆరాధన తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకు ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంటుంది. పిల్లకు ఒక జడ పూర్తయి రెండోది సగంలో ఉంటుంది. పిల్లాడి సాక్సుల్లో ఒకటి కనబడదు. బయట బండి స్టార్టు చేసి హారన్ కొడుతున్న నాన్న, లోపల జడ లాగుతూ తిడుతున్న అమ్మ. ‘దేవుడి సన్నిధికి వెళ్లేటప్పుడు కూడా ఇదేనా!’ అంటూ వీపు మీద ఒకటి పడుతుంది. బండి మీద వెక్కుతూ వచ్చిన పిల్లకు గుడి గేటు దగ్గర కొంగుతో ముఖం తుడిచి, ‘నోర్ముయ్, అందరూ చూస్తున్నారు’ అంటాం. లోపల అడుగు పెట్టగానే గొంతు మారిపోతుంది. ‘వందనాలండీ, బావున్నారా?’

ఆ మార్పును పిల్ల తలెత్తి చూస్తూనే ఉంటుంది. ఇందాక తనను తిట్టిన గొంతూ, ఇప్పుడు సంఘపెద్దను పలకరిస్తున్న గొంతూ అమ్మవేనని దానికి తెలుసు. కోపమొస్తే మనకు ఒళ్లు తెలియదన్న మాట అబద్ధమని దానికి అక్కడే తెలిసిపోతుంది. సంఘపెద్ద ముందు, పై అధికారి ముందు, అప్పిచ్చినవాడి ముందు మనకు ఒళ్లు బాగానే తెలుస్తుంది. తిరిగి కొట్టలేనివాళ్ల ముందే తెలియకుండా పోతుంది.

తర్వాత పాపపు ఒప్పుకోలు. తలలు వంచి అందరం కలిసి దేవుడికి చెప్పుకుంటాం. పిల్ల కూడా మన పక్కన నిలబడి ఆ మాటలే చెబుతుంది. దేవుడు క్షమించాడని అయ్యగారు ప్రకటిస్తారు, మనసు తేలికపడి కూర్చుంటాం. పిల్లను ఎవరూ ఏమీ అడగరు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరస వేరు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడికి, తన వల్ల నొచ్చుకున్న మనిషి ఒకరున్నారని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి ఆ మనిషితో సమాధానపడి రావాలి. ఆ మాట విన్నప్పుడల్లా ఆస్తి తగాదాల్లో ఉన్న అన్నదమ్ములు గుర్తొచ్చారు, కమిటీ ఎన్నికల దగ్గర మాటలు మానేసినవాళ్లు గుర్తొచ్చారు. మన చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తు రాలేదు. ప్రభురాత్రి భోజనానికి ముందు ఎవరిని వారు పరీక్షించుకోవాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. ఆ పరీక్షలో సినిమాలు వచ్చాయి, నగలు వచ్చాయి, ఆరాధన మానేసిన ఆదివారాలు వచ్చాయి. చెంపదెబ్బ రాలేదు. దేవుడికి చెప్పుకోవడం మనకు సులువైంది, ఆయన కృపగలవాడని ముందే తెలుసు కాబట్టి. పిల్లకు చెబితే ఏమంటుందో తెలియదు.

ఇక బెత్తం సంగతి. సామెతల గ్రంథం 13, 22, 23 అధ్యాయాల్లో ఆ మాట ఉంది, దాచాల్సిన పనేమీ లేదు. కానీ ముందు మన చెయ్యి లేచింది, వచనం తర్వాత వెతుక్కున్నాం. దానికి ‘దెబ్బకు దెయ్యం దడుస్తుంది’, ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న ఊరి సామెతలు కూడా కలిపి అంతా వాక్యమే అన్నట్టు మాట్లాడాం. అదే గ్రంథం 15వ అధ్యాయం మెత్తని జవాబు కోపాన్ని ఎలా చల్లారుస్తుందో చెబుతూ మొదలవుతుంది. 16వ అధ్యాయం 32వ వచనం పట్టణాన్ని పట్టుకున్నవాడి కన్నా తన మనసును ఏలుకునేవాణ్ణి గొప్ప చేస్తుంది. ఆ రెండూ మన గోడల మీదికి రాలేదు.

సామెతల్లో ఎక్కువ భాగం సొలొమోను పేరున ఉన్నవి. ఆయన కొడుకు రెహబాము ఏం చేశాడో మొదటి రాజులు 12వ అధ్యాయంలో ఉంది. భారం తగ్గించమని జనం వస్తే, మంచిగా మాట్లాడి పంపమని పెద్దలు చెప్పినా వినలేదు. నాన్న కొరడాలతో కొట్టాడు, తాను అంతకన్నా ఘోరంగా కొడతానన్నాడు. పది గోత్రాలు చేజారిపోయాయి. ఈ అధ్యాయాన్ని మనం రాజ్యం చీలిపోయిన చరిత్రగానే చదివాం. నాన్న దగ్గర కొరడా చూసిన కొడుకు కథగా కూడా చదవాల్సింది.

మన దెబ్బలకు ఒక చరిత్ర ఉంది. ధాత కరువు రోజుల్లో, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ నీళ్లలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. ఊరు తన బయట ఉంచినవాళ్లు, ఏ దొరైనా ఏ పూటైనా చెయ్యి చేసుకోగలిగినవాళ్లు. కరువు వాళ్లను అక్కడికి తెచ్చిందంటారు. మనిషిగా తలెత్తుకు నిలబడాలన్న ఆశ కూడా తెచ్చిందని నేను నమ్ముతాను. మనలో చాలామందిమి అలాంటి వాళ్ల మనవలం, మునిమనవలం. మిషన్ బోర్డింగుల్లో అక్షరాలు దిద్దాం, బెత్తం దెబ్బలు తిన్నాం, టీచర్లమయ్యాం, నర్సులమయ్యాం, గుమాస్తాలమయ్యాం. పిల్లాడు పరీక్ష తప్పితే మళ్లీ మొదటికొస్తామన్న భయం మన కోపం అడుగున ఉంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. మన పిల్లలకు లోకం రెండో అవకాశం అంత తేలిగ్గా ఇవ్వదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఇక ఎవరి చేతా దెబ్బ తినని మనుషులుగా బతకాలని మన పెద్దలు ఆ నీళ్లలో మునిగి లేచారు. మన పిల్లల మీద మొదటి దెబ్బ వేసింది మనమే. దెబ్బకు అలవాటు పడొద్దని చెప్పాల్సిన ఇల్లే అలవాటు చేసింది.

తల్లుల గురించి రాయాలంటే చెయ్యాడటం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థనకు లేచి, వంట చేసి, ఉద్యోగానికో కూలికో వెళ్లి, శుక్రవారమైతే సాయంత్రం దాకా ఏమీ ముట్టకుండా కూటం ముగించుకుని ఇంటికొచ్చేసరికి, హోంవర్కు చేయని పిల్లాడు ఎదురవుతాడు. చెయ్యి లేస్తుంది. మర్నాడు ఆమె ఏడుస్తూ చెప్పుకుంటే, ఇంకో ఉపవాసం పెట్టుకోమన్నాం. ఏలీయా ఇక చాలు, చచ్చిపోతానని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దూత ఆయనకు రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తర్వాత, హోరేబుకు చేరాకే. మొదటి రాజులు 19వ అధ్యాయం ఇంత వివరంగా చెప్పినా, ఆ తల్లి ఇంటికి మనం ఒక్క పూట అన్నం పంపలేదు. గిన్నెలు తోమమని ఆమె భర్తకు చెప్పలేదు. నిద్ర కరువై, బీపీ పెరిగి, మనసు కుంగి ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి వెళ్లమనడం అవిశ్వాసమవుతుందేమోనని జంకాం. లూకా వైద్యుడని కొలొస్సయుల పత్రికలో చదివేది మనమే.

సంఘంగా మనం చేసింది ఇంతకన్నా దారుణం. భర్త కోపం భరించలేక పాస్టరుగారి గుమ్మమెక్కిన ఆడమనిషికి, ఓర్చుకుంటే దేవుడు మారుస్తాడని చెప్పి, ప్రార్థన చేసి, అదే ఇంటికి పంపాం. గృహహింస నుంచి మహిళలను కాపాడే చట్టం 2005లో వచ్చింది. స్త్రీల మైత్రి కూటాల్లో దాని గురించి నోరెత్తలేదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిగింది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు శారీరక హింసకు గురవుతున్నారనీ, ఇంట్లో ఆ హింస పడ్డవాళ్లలో 88.6 శాతం మంది విషయంలో కొట్టింది తల్లిదండ్రులేననీ అందులో తేలింది. ఆ ఇళ్లలో మన ఇళ్లు లేవని ఏ మొహం పెట్టుకుని అనగలం? 2015 నాటి బాల న్యాయ చట్టం 75వ సెక్షను ప్రకారం, పిల్లల్ని కనిపెట్టుకోవాల్సిన మనిషే వాళ్లను హింసిస్తే మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. కష్టంలో ఉన్న ఏ పిల్లాడైనా 1098కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. బైబిల్లోని 66 పుస్తకాల పేర్లు వరసగా చెప్పించిన మనం ఆ నాలుగు అంకెలు చెప్పలేదు. చెబితే మన మీదే చేస్తారని లోపల ఎక్కడో భయపడ్డాం.

సౌలు రాజు భోజనం దగ్గరే కన్నకొడుకు యోనాతాను మీద ఈటె విసిరాడు. మొదటి సమూయేలు 20వ అధ్యాయంలో ఉంది ఆ సంగతి. యోనాతాను మండిపడి బల్ల దగ్గర నుంచి లేచిపోయాడు, ఆ రోజు అన్నం ముట్టలేదు. యువకులు సంఘానికి దూరమవుతున్నారని మనం బాధపడతాం. సెల్‌ఫోన్ల మీద, హైదరాబాదు ఉద్యోగాల మీద, అమెరికా మీద నెపం వేస్తాం. వాళ్లలో కొందరు లేచిపోయింది మన ఇంటి బల్ల దగ్గర నుంచే. దేవుణ్ణి తండ్రీ అని పిలవమని వాళ్లకు నేర్పాం, ఆ పిలుపుకు ఎవరి ముఖం వాళ్ల కళ్ల ముందుకు వస్తుందో అడగలేదు. యోనాతాను తండ్రిని వదిలిపోలేదు, గిల్బోవ కొండ మీద ఆయన పక్షాన పోరాడే చనిపోయాడు. మన పిల్లలూ నెలనెలా డబ్బు పంపుతున్నారు, క్రిస్మస్‌కు వస్తున్నారు, ఆసుపత్రిలో పక్కన కూర్చుంటున్నారు. అందుకని ఆ ఈటెను మరచిపోయారనుకోవడానికి లేదు.

పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చే రోజునో, ప్రతిష్ఠించే రోజునో తల్లిదండ్రులతో పాటు సంఘమూ ఆ బిడ్డ పెంపకం విషయంలో మాట ఇస్తుంది. అది వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు అనే హక్కును ఆ రోజే వదులుకున్నాం. అయినా పక్కవాటా గోడ అవతల దెబ్బల చప్పుడు వినిపిస్తుంటే టీవీ సౌండు పెంచుకున్నాం, ఆదివారం ఆ తండ్రికే కానుకల పళ్లెం పట్టే పని అప్పగించాం.

పిల్లల దగ్గర తప్పు ఒప్పుకుంటే నెత్తికెక్కుతారని అంటారు. లూకా 15వ అధ్యాయంలో కోపంతో లోపలికి రానని మొండికేసిన పెద్ద కొడుకు కోసం తండ్రే బయటికొచ్చి బతిమాలాడు. దానివల్ల ఆయన పెద్దరికం తగ్గిందని మనలో ఎవరం అనం. ఆత్మఫలంలో ఆశానిగ్రహం కూడా ఒకటని గలతీయుల పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. అది మనలో ఉందో లేదో ముందుగా తెలిసేది ఇంట్లోవాళ్లకే, కాబట్టి వాళ్లనే అడగాలి. ప్రభురాత్రి భోజనం ఉండే సంస్కారపు ఆదివారానికి ముందు రోజు రాత్రి కుటుంబ ప్రార్థనలో, వచనం చదవకముందే, తండ్రి, ఆ తర్వాత తల్లి, ఆ నెలలో ఎవరి మీద అరిచారో, ఎవరిని కొట్టారో పిల్లల పేరు పెట్టి చెప్పి, తప్పయిపోయిందని అడగాలి. ‘నువ్వు కూడా అలా చేశావు కదా’ అన్న మాట అందులో కలపకూడదు. పిల్లలు ఏమీ అనకపోవచ్చు. క్షమించానని చెప్పమని వాళ్లను బలవంతపెట్టే హక్కు మనకు లేదు.