పచారీకొట్టు – పది నిమిషముల బేరము

పచారీకొట్టుకు కాలము చెల్లినదని నేడు విద్యావంతులు నిబ్బరముగా పలుకుచున్నారు. మోటారు వచ్చి జట్కా పోయినట్లు ఫోను వచ్చి కొట్టు పోవునట. యంత్రము తెచ్చిన మార్పునకు వగచుట వెఱ్ఱితనమట. ఈ మాట వినుటకు సొంపుగనే యున్నది గాని నిజము కాదు. మన వీధికొట్టును పడగొట్టుచున్నది యంత్రము కాదనియు, యంత్రము చాటున నిలిచిన ధనబలమనియు మేము నొక్కి వక్కాణించుచున్నాము.

వర్తకుడు ఎన్నడు యంత్రమునకు శత్రువై యుండెను? 2016లో యూపీఐ వచ్చినది. పిమ్మట కొలది యేండ్లలోనే కిరాణా దుకాణము మొదలు చింతపండు తట్టవరకు చెల్లింపు పలకలు వెలసినవి. పైసలు లెక్కించుచు తల నెరసిన వర్తకుడు మనుమని యొద్ద నేర్చుకొని, ఫోను పలుకు విని సొమ్ము ముట్టినదని తెలిసికొనుచున్నాడు. అది చిన్నవానికిని పెద్దవానికిని సమానముగా తెరచిన బాట. కనుకనే ఆతడు దానిపై జంకు లేక నడచినాడు.

అట్లని వర్తకుని తప్పులను మేము కప్పిపుచ్చము. తూనికలో మోసము, గడువు తీరిన సరకును అంటగట్టుట, మార్చుకొనవచ్చినవానిపై కసరుట – ఇవి పెక్కు కొట్లలో కలవు. నేటి యువతి ధర ముందుగా తెలియవలెననియు, సరకు చెడినచో తిరిగి తీసికొనవలెననియు కోరుచున్నది. అది సోకు కాదు, హక్కు. బిల్లు నిరాకరించుటను, లోపముగల సరకును తిరిగి తీసికొనకుండుటను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము అక్రమ వ్యాపార పద్ధతులలోనే చేర్చినది. స్వదేశి పేరు చెప్పి పురుగుపట్టిన కందిపప్పు అమ్మువానికి మేము వకాల్తా పుచ్చుకొనము.

అయినను మేలైన పప్పు అమ్మి గెలుచుట వేరు, పప్పును నష్టమునకు అమ్మి గెలుచుట వేరు. పది నిమిషములలో కొత్తిమీరకట్టను గుమ్మమున దింపుటకు గోదాము కావలెను, సరకు ఏరువాడు కావలెను, బండియు బండివాడును కావలెను. ఈ వ్యయమంతయు ఆ కట్టపై వచ్చు లాభములో ఇముడునా? ఇట్టి సంస్థలలో పెక్కు ఏండ్ల తరబడి నష్టములనే లెక్కలలో చూపినవి; ఆ లోటును దేశదేశముల మదుపరుల ధనము పూడ్చినది. మన వర్తకునికి ఆరునెలలు నష్టము వచ్చినచో తలుపులు మూయవలసినదే. కోట్లు పోగొట్టుకొనుటకు సిద్ధపడి వచ్చినవాడు దినసరి లాభముపై బ్రతుకువానిపైకి వచ్చుటను పోటీ యందుమా, వేట యందుమా?

ఈ పద్ధతి ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1611లో ఇంగ్లీషు కుంఫిణీ మచిలీపట్టణమున కోఠీ వేసినది. పిమ్మటి కాలమున అది వర్తకుల ద్వారా నేతగాండ్రకు ముందుగా బయానా లిచ్చి, నేసిన గుడ్డ తనకే చేరునట్లు కట్టడి చేసినది. బయానా తీయగా నుండెను. సంకెల పిదప తెలిసినది. నాడు నేయువానికి బయానా, నేడు కొనువానికి తగ్గింపు. ప్రక్కకొట్టు మూతపడిన పిదప కూడ ఆ తగ్గింపు నిలుచునని పూచీపడువా రెవరు?

చట్టము లేదా యందురేమో. కలదు. విదేశీ పెట్టుబడితో నడచు ఫోను బజారు అమ్మువానిని కొనువానితో కలుపవచ్చునే గాని సొంతసరకు అమ్మరాదనియు, ధరలను ప్రభావితము చేయరాదనియు ప్రభుత్వము 2016లో నియమించి, 2018 డిసెంబరులో ఆ నియమములను మరింత బిగించినది. అట్లయిన గోదాము ఎవరిది? అందలి సరకు ఎవరిది? ధర నిర్ణయించున దెవరు? ఈ ప్రశ్నలకు కాగితముపై జవాబు చాలదు. గోదాములో తనిఖీ కావలెను.

ఇక 2002 నాటి పోటీ చట్టపు 4వ సెక్షను, ఖర్చుకంటె తక్కువకు అమ్మి పోటీదారుని తొలగించుటను నిషేధించును గాని, అట్లమ్మువాడు అప్పటికే బజారున ప్రాబల్యము సంపాదించినవాడై యుండవలెను. అనగా ప్రాబల్యము రుజువగువరకు చట్టము చేతులు ముడుచుకొని కూర్చుండును. ఆలోపున కొట్లు మూతపడును. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట యన్న ఇదియే. ఈ నిబంధన సవరింపబడవలెను. విచారణలు ఏండ్లు సాగునప్పుడు మధ్యంతరపు ఉత్తర్వులకై 33వ సెక్షను ఒసగిన అధికారమును కమిషను వెనుదీయక వాడవలెను.

తండ్రి తెల్లవారినది మొదలు రాత్రి పదివరకు గల్లాపెట్టె నంటిపెట్టుకొనుట చూచిన కుమారుడు ఆ పీటపై కూర్చుండ నొల్లడు. వానిని సోమరి యనవలదు. కాని ఆ వీధి బిడ్డయే మరియొకడు సంచి వీపున తగిలించుకొని ఎండలో బండిపై పరుగులిడుచున్నాడు. అట్టి శ్రామికునికి చట్టమున చోటిచ్చుటకు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి రావలసివచ్చినది. అది అమలగుటకు 2025 నవంబరు పట్టినది. సొంతకొట్టు విడిచి పరాయి బండి యెక్కుట అభ్యుదయమని మేము ఒప్పుకొనజాలము.

వర్తక సోదరులారా! సానుభూతి యడుగకుడు, సంఘముగా కూడుడు. పదికొట్లవారు కలిసి టోకున కొనినచో ధర దిగును. ధరల పట్టిక గోడకు తగిలింపుడు. బిల్లు వ్రాసి యొసగుడు. ఫోనున అడిగిన సరకు ఇంటికి పంపుడు. చిన్న అంగడికిని ఫోను బజారున చోటు కల్పించుటకు 2021లో ఓఎన్‌డీసీ ఏర్పడినది. దాని మేలుకీడులు పరీక్షింపుడు. కుమారునికిని కుమార్తెకును వ్యాపారమున వాటా యొసగి, వారి మాట వినుడు.

కొనువారలకు ఒక్క మాట. 2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్ననాడు, కూలి దొరకని యింటికి బియ్యము అరువిచ్చి ఖాతాలో వ్రాసికొన్నవా డెవడో జ్ఞాపకము తెచ్చుకొనుడు.

మేము కోరునది దయ కాదు. పచారీకొట్టు త్రాసును పరీక్షించి ముద్రవేయు అధికారము సర్కారునకు కలదు, అది న్యాయమే. ఆ కొట్టును క్రుంగదీయుచున్న పెద్దధనపు త్రాసును సర్కారు ఏల తనిఖీ చేయదు?