కంఠత వాక్యములు చాలునా?

మన పాఠశాల బహుమాన సభలో కంఠత వాక్యముల బహుమతికి మ్రోగినన్ని కరతాళ ధ్వనులు మరి యే బహుమతికిని మ్రోగవు. పదేండ్ల బాలిక వేదిక నెక్కి నూరు వచనములను సంఖ్యలతో సహా తడబడక యొప్పజెప్పుచుండగా తలిదండ్రుల కన్నులు చెమర్చుట సహజమే. ఆ శ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము గాదు. చూపు మందగించిన ముదిమిలో, బాల్యమున నేర్చిన వచనమే తోడగునని పెద్దలెల్లరు నెరుగుదురు. అయినను వచనములను ఒప్పజెప్పుటయు, బైబిలును గ్రహించుటయు ఒకటే యని మనము తలచుచున్నట్లు నాకు తోచుచున్నది. ఆ తలంపు విశ్వాసమునకు మేలు చేయదనియు, కొందరికి కీడే చేయుననియు నా యభిప్రాయము.

వచన సంఖ్యలు పౌలు వేసినవి గావు, ప్రవక్తలు వేసినవియు గావు. నేటి అధ్యాయ విభాగము పదమూడవ శతాబ్దపు నాటిది. క్రొత్త నిబంధనకు మనమెరిగిన వచన సంఖ్యలను చేర్చినవాడు రాబర్టు ఎస్టియెన్ అను ముద్రాపకుడు. ఆ గ్రీకు ప్రతి 1551లో జెనీవా నగరమున అచ్చయ్యెను. కోరిన చోటును వెదకికొనుటకు ఆ సంఖ్యలు ఎంతయో ఉపకరించును. కాని యింటికి నంబరు వేసినంత మాత్రమున ఆ యిల్లు వీధిలోనుండి వేరుపడునా?

పరీక్షల ముందు మన విద్యార్థులు మిక్కిలిగా తలంచుకొను వచనము ఫిలిప్పీయుల పత్రిక 4:13. క్రీస్తు బలముచేత తాను దేనికైనను చాలుదునని పౌలు చెప్పిన మాట యది. ఆ మాట వ్రాయునాటికి పౌలు బంధకములలో నుండెను. ఫిలిప్పీ సంఘమువారు ఎపఫ్రొదితు అను సహోదరునిచేత అతనికి సహాయము పంపిరి. ఆ ఎపఫ్రొదితు మార్గాయాసముననో మరేలనో జబ్బుపడి, చావు దప్పి బ్రదికెను. అందిన కానుకకు కృతజ్ఞత తెలుపుచు, కడుపు నిండియుండుటయు, పస్తుండుటయు, రెండును తాను నేర్చుకొంటినని చెప్పి, ఆ వెంటనే పౌలు ఈ మాట వ్రాసెను. కాబట్టి అచ్చటి బలము గెలుచుటకు మాత్రమే యిచ్చిన బలము గాదు. లేమిలో నిలుచుటకు ఇచ్చిన బలము.

కొన్నియేండ్ల క్రిందట పదవ తరగతి బాలుడొకడు ఈ వచనమును నోటు పుస్తకపు అట్టమీద వ్రాసికొని పరీక్షకు పోయెను. లెక్కలలో తప్పెను. "దేవుడు నాకు మాత్రమే మాట తప్పెనా, మాస్టారూ?" అని నన్నడిగెను. వానిచేత ఆ పత్రికను మొదటినుండి బిగ్గరగా చదివించితిని. నాలుగే అధ్యాయములు, అరగంటయైనను పట్టలేదు. చదివి ముగించి కొంతసేపూరకుండి, "పౌలును తరువాత విడిచిపెట్టిరా?" అని యడిగెను. పత్రికలో దానికి జవాబు లేదు. అయితే అది గ్రంథమును చదివినవాడు అడుగు ప్రశ్న. వచనమును మాత్రమే మోసికొని తిరుగువానికి అది తోచదు.

క్రొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానపు చీటీలు తీయు ఆచారము మనలో ఎంత ప్రియమైనదో చెప్పనక్కరలేదు. ఇప్పుడు సెల్‌ఫోనులోనికి ప్రతి యుదయమును ఒక చీటీ వచ్చుచున్నది. యిర్మీయా 29:11 వచ్చినవారు ఆ యేడు మేలు కలుగునని సంతోషింతురు. ఆ యధ్యాయము యెరూషలేమునుండి బబులోను చెరలోనివారికి పోయిన జాబు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, బిడ్డలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణపు క్షేమమునకై ప్రార్థింపుడి యని అందున్నది. తిరిగి వచ్చుటకు డెబ్బది సంవత్సరములని దానిలోనే గడువు కూడ నున్నది. ఆ జాబు విన్న పెద్దలలో అనేకులు ఆ దినమును కన్నులార చూడలేదు. దానికి ముందటి యధ్యాయములో హనన్యా యను ప్రవక్త రెండేండ్లలోనే అంతయు చక్కబడునని చెప్పెను. జనులకు ఆ మాటయే తీపిగా నుండెను. యిర్మీయా వచనమును ఈ యేటి లాభమునకు చీటీగా చేసికొన్నవారు, తమకు తెలియకుండనే హనన్యా మాటను వినుచున్నారు. ఇది కఠినమని కొందరనవచ్చును. నాకు మాత్రము అట్లే తోచుచున్నది.

పదముల విషయమును కొంత చెప్పవలెను. సంగీతము వచ్చిన పిల్లను "తలాంతు గలది" యందుము. మత్తయి 25లోని తలాంతు మొదట వెండి తూనిక. ఒక తలాంతు కూలివాని యించుమించు ఇరువది యేండ్ల కూలికి సరిపోవును. ఒక్క తలాంతే పొందినవాడు పేదవాడని జాలిపడుట అలవాటు. లెక్క తెలిసిన పిమ్మట ఆ దాసుడు నేలలో పాతిపెట్టినదెంతో చూడుడు!

పరిశుద్ధాత్మయే బోధించును గదా, ఈ పాండిత్యమేలనని భక్తిగల తలిదండ్రులు అడుగుదురు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథములో యెషయా గ్రంథమును చదువుచుండెను. ఆత్మ ఫిలిప్పును ఆ రథము దగ్గరకు పంపెనే గాని, అతని ప్రశ్నను మాన్పలేదు. ప్రవక్త తన్ను గూర్చి చెప్పెనా, మరియొకని గూర్చి చెప్పెనా యని అతడడిగెను. బెరయవారు పౌలు బోధనే దినదినము లేఖనములతో సరిచూచుకొనిరి. అందుకై వారు గద్దింపబడలేదు, కొనియాడబడిరి.

తెలుగువారికి ఈ గ్రంథము చేరిన విధమును తలంచుడి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన డెగ్రాంజెస్ దొర, ఆనందరాయరను తెలుగు పండితుని తోడ్పాటుతో అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చుపడెను. మన పూర్వులకు అందినవి విడి వచనముల చీటీలు గావు. మొదలును తుదియు గల సువార్తలు.

కావున పాఠశాలవారికి నా మనవి యొకటి. కంఠత వాక్యముల బహుమతిని ఉండనిండు. మార్కులలో సగము మాత్రము, ఏడాదికొక చిన్న గ్రంథమును పూర్తిగా చదివి, ఎవరు ఎవరికి ఏ యవసరమున వ్రాసిరో తమ మాటలలో చెప్పినవారికి ఇయ్యుడి. ఈ యేడు ఫిలిప్పీయుల పత్రిక, వచ్చు నేడు రూతు, ఆ పైయేడు యోనా. తలిదండ్రులును వేసవి సెలవులలో ఒక సాయంకాలము దీపము పెట్టిన వెనుక బిడ్డలను చుట్టు కూర్చుండబెట్టుకొని, ఫిలిప్పీయుల పత్రికను నడుమ ఆపక ఒకరి తరువాత నొకరు చదివింపుడి. ముగిసిన పిమ్మట వెంటనే ప్రార్థనకు లేవక, బిడ్డలేమడుగుదురో కాసేపు కనిపెట్టుడి.