తెల్ల సిమెంటు... అంచు భద్రమేనా?

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిలింనగర్ వైపు వెళ్తుంటే పంటి ఆస్పత్రుల బోర్డులకు కొదవుండదు. సినిమా వాళ్లుండే చోటు మరి! మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చాక, నవ్వునే నమ్ముకుని బతికేవాళ్లంతా ఈ కొండల చుట్టూ చేరారు. బంగళాలో ఉండే హీరో అయినా, పక్కనే కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో ఉండే జూనియర్ ఆర్టిస్టు అయినా పన్ను పుచ్చితే డాక్టరును అడిగేది ఒక్కటే. సిమెంటు పెట్టినట్టు కనపడకూడదు!

దాని వెంటే రెండో కోరిక. త్వరగా అయిపోవాలి. మధ్యాహ్నానికి షూటింగ్ ఉంది.

మొదటి కోరిక తీర్చడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. చిక్కంతా రెండోదానితోనే.

జిగురు, గాజు పొడి

ఒకప్పుడు దవడ పన్ను పుచ్చితే వెండి సిమెంటే గతి. పాదరసం కలిసిన ఆ మిశ్రమాన్ని యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి సందర్భాల్లో తప్ప, వాడొద్దంది. దాని స్థానంలోకి వచ్చిందే పంటి రంగులో ఉండే కాంపోజిట్. జిగురులాంటి రెజిన్‌లో మెత్తటి గాజు పొడి కలిపితే తయారయ్యే ముద్ద ఇది. పంటిని కాస్త ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని 1955లో అమెరికా డాక్టరు మైకేల్ బ్యూనోకోర్ చూపించారు. నేటి కాంపోజిట్‌కు మూలమైన రెజిన్‌కు 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందారు. ముద్దను గుంతలో పెట్టి నీలి కాంతి చూపిస్తే క్షణాల్లో రాయిలా బిగుసుకుంటుంది.

అలా బిగిసేటప్పుడే అది కుంచించుకుపోతుంది కూడా. ఎంతంటే నూటికి రెండు మూడు పాళ్లు. అంతేనా అనిపిస్తుంది. కానీ బ్యాక్టీరియా ఒక్కోటి ఉండేది సుమారు ఒక మైక్రాన్. వెంట్రుక మందంలో పదోవంతు సందు దొరికినా చాలు, వరుస కట్టి లోపలికి వెళ్లిపోతాయి. వాటి వెంటే ఉమ్మి, చక్కెర, టీ రంగు. దీన్నే డాక్టర్లు లీకేజీ అంటారు. మొదట్లో చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమంటుంది. తర్వాత అంచు చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. కొందరిలో సిమెంటు కిందే మళ్లీ పుచ్చు మొదలవుతుంది. అది నరం దాకా వెళితే ఇక రూట్ కెనాలే.

పాత వెండి సిమెంటుకు ఒక మంచి గుణముండేది. కాలం గడిచేకొద్దీ దానికి పట్టిన తుప్పే అంచు సందుల్ని కొంత పూడ్చేసేది. తెల్ల సిమెంటుకు ఆ వెసులుబాటు లేదు. డాక్టరు చెయ్యి మొదటిరోజు ఎంత బాగా మూస్తే అంతే!

ఐస్‌క్రీమ్, ఇరానీ చాయ్

లీకేజీని ప్రయోగశాలలో ఎలా పట్టుకుంటారో తెలుసా? పీకేసిన పళ్లకు సిమెంటు పెడతారు. వాటిని 5 డిగ్రీల చల్లటి నీళ్లలో, 55 డిగ్రీల వేడి నీళ్లలో వందలసార్లు మార్చి మార్చి ముంచుతారు. ఐస్‌క్రీమ్ తిని ఇరానీ చాయ్ తాగినట్టన్నమాట. తర్వాత సిమెంటు అంచును మాత్రం వదిలేసి మిగతా పంటికి గోళ్ల రంగు పూస్తారు. అప్పుడు నీలిరంగు ద్రావణంలో నానబెట్టి, పన్నును నిలువునా కోసి చూస్తారు. రంగు ఎంత లోపలికి పాకితే అంత లీకేజీ.

ఇలాంటి పరీక్షల్లో పదేపదే తేలింది ఒకటుంది. పైన పింగాణీ పొర ఉన్న అంచు బాగా మూసుకుంటుంది. చిగురు దగ్గర, ఆ పొర పలచబడే చోటే రంగు ఎక్కువగా దిగుతుంది. రెండు దవడ పళ్ల మధ్య పుచ్చుకు సిమెంటు పెట్టినప్పుడు సరిగ్గా అక్కడే జాగ్రత్త కావాలి.

మేస్త్రీ పనితనం

గోడకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ మందమంతా ఒక్కసారే కొట్టడు. కొడితే బీటలు వారుతుందని తెలుసు. పంటి విషయమూ అంతే. లోతైన గుంతలో అయిదువైపులా గోడలే, తెరిచి ఉండేది పై వైపు ఒక్కటే. మొత్తం ఒకేసారి నింపి గట్టిపరిస్తే ఆ ముద్ద అన్ని గోడల్నీ ఒక్కసారే లాగుతుంది. ఎక్కడ పట్టు బలహీనంగా ఉంటే అక్కడ ఊడుతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల పొరలుగా, ఒక్కో పొర ఒకటి రెండు గోడలకే తగిలేలా ఏటవాలుగా పెట్టి, ప్రతి పొరకూ విడిగా కాంతి చూపిస్తారు. చిగురు దగ్గర అంచు లోతుగా ఉంటే కింద గ్లాస్ అయనోమర్ అనే మరో సిమెంటు వేసి, పైన కాంపోజిట్ వేయడమూ ఉంది.

మరి 4 మిల్లీమీటర్లు ఒకేసారి నింపే బల్క్‌ఫిల్ రకాలు వచ్చాయిగా? వచ్చాయి. వాటిని తక్కువ ఒత్తిడితో బిగిసేలా తయారుచేస్తున్నారు. రోగుల మీద కొన్నేళ్లు సాగిన పరీక్షల్లో పొరల పద్ధతికీ వీటికీ పెద్ద తేడా కనిపించలేదు కూడా. కాబట్టి బల్క్‌ఫిల్ అనగానే కంగారుపడక్కర్లేదు. మామూలు కాంపోజిట్‌ను బల్క్‌ఫిల్‌లా ఒకేసారి కుక్కితేనే ముప్పు. కాంతి అడుగుదాకా చేరక కింద మెత్తగానే మిగిలిపోతుంది.

ఏ పద్ధతయినా తడి తగిలితే వృథా. జిగురు పూశాక ఒక్క ఉమ్మి చుక్క పడినా పట్టు చెడుతుంది. అందుకే పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ బిగిస్తారు. 1864లోనే అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. నోరు తెరిచి అలా ఉండటం కాస్త ఇబ్బందే. అయినా భరించాల్సిందే.

షూటింగ్‌కు ముందు

ఫిలింనగర్ వాళ్లకు, పెళ్లిచూపులున్న ఇంటివాళ్లకు కూడా పనికొచ్చే మాట మరొకటి. పళ్లు తెల్లబడేందుకు బ్లీచింగ్ చేయించుకుని, అదేరోజు సందులు పూడ్పించుకోవాలనుకుంటారు చాలామంది. బ్లీచింగ్ తర్వాత పంటిలో మిగిలే ఆక్సిజన్ జిగురు పట్టును దెబ్బతీస్తుంది. రెండు వారాలు ఆగడం మేలు. రంగు నిలకడకు వచ్చాక సిమెంటు రంగు కుదర్చడమూ తేలికే.

ఇప్పటికే సిమెంటు ఉన్నవాళ్లు అంచున గీత కనబడగానే మొత్తం తీయించేయక్కర్లేదు. పైపై మరకైతే పాలిష్‌తో పోతుంది. చిన్న సందైతే అక్కడివరకే మరమ్మతు చేస్తారు. తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ మంచి పన్ను కొంత పోతుంది. ఎక్స్‌రే తీసి, లోపల పుచ్చు ఉందో లేదో తేల్చుకున్నాకే నిర్ణయం.

ఖర్చుకు వెనకాడేవాళ్లకు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం పంటికి మంచిదే. కార్పొరేట్ క్లినిక్ అయినా, కాలనీలో డాక్టరయినా కుర్చీ ఎక్కేముందు మూడు సంగతులు అడగండి. పన్ను తడవకుండా ఏం చేస్తారు? పొరలుగా పెడతారా, బల్క్‌ఫిల్లా? ఎంతసేపు పడుతుంది? మూడోదానికి వచ్చిన జవాబు మరీ చిన్నదైతే, షూటింగ్ లేని రోజు చూసుకుని మళ్లీ రావడమే నయం.