పువ్వు తీసింది ఒకరు, పైకం ఇంకొకరికి

(మా గ్రామీణ విలేకరి)

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు ప్రాంతాల్లోనూ, గోదావరి దాటి సఖినేటిపల్లి, మలికిపురం వైపూ మధ్యాహ్నం వేళ ఏ అరుగు మీద చూసినా ఆడవారి చేతిలో సూది, ఒడిలో దారపుండ కనబడతాయి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇప్పటికీ వేలాది ఇళ్లలో ఉప్పూ పప్పూ ఖర్చుకు ఆసరా. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును. ఎక్కడో అల్లిన సరుకును నరసాపురం లేసని అమ్మకుండా అడ్డుపడుతుంది, అంతే. కొత్త పువ్వు తీసిన మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

లేసుపనిలో చేతిపని, అతుకుపని, కాజాకట్టు అని తెగలున్నాయి. పువ్వులు అల్లేవారు ఒకరు, వాటిని అతికి బల్లగుడ్డలుగా, దిండు గలీబులుగా తయారుచేసేవారు మరొకరు. ఏజెంటు దారం ఇస్తాడు, పని తూచో లెక్కపెట్టో కూలి ఇస్తాడు. ఆ లెక్క పుస్తకంలో కొత్త నమూనాకు గడి లేదు.

ప్రతి ఊళ్లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇచ్చిన శాంపిలు అల్లుతూ అల్లుతూ రెండు గొలుసులు తగ్గించి, ఒక రేకు పెంచి, తమకు తోచినట్టు కొత్త పువ్వు తీస్తారు. ఏజెంటు చూస్తాడు. “ఇది బాగుందమ్మా, ఓసారి ఇయ్యి. షావుకారుగారికి చూపించి తెస్తాను” అంటాడు. “తీసికెళ్లండి బాబూ, దానికేముందండి” అంటుంది ఆవిడ. ఆ ముక్క మళ్లీ ఇంటికి రాదు. ఇప్పుడైతే ముక్క కూడా అక్కర్లేదు, ఫోనులో ఫొటో చాలు. షావుకారు దాన్ని పట్నంలో టోకు వర్తకుడికి పంపుతాడు. నచ్చి ఆర్డరు వస్తే వందమందికి పని పంచుతారు. ఆ వందమందిలో ఆవిడా ఒకరు. తన పువ్వును తానే కూలికి అల్లుతుంది. రేటు అందరికీ ఒకటే!

ఈ అన్యాయం నిన్న మొన్నటిది కాదు. మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు 1970ల చివర్లో ఈ ఊళ్లు తిరిగి నరసాపురం లేసు పనివారి మీద పుస్తకం రాశారు. అది 1982లో వెలువడింది. గంటల తరబడి సాగే ఈ పనిని ఇల్లాళ్ల తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిపోయిందని ఆమె వాదన. కాలక్షేపానికి కూలే దండగ అనుకునే చోట ఆలోచనకు ధర ఎవరు కడతారు?

షావుకార్లను ఒక్కమాటలో దొంగలనడం కూడా సబబు కాదు. టోకు వర్తకుడికి ఒక్క అందమైన పువ్వుతో పని జరగదు. ఐదు వందలు కావాలంటే ఐదు వందలూ ఒకే కొలతలో రావాలి. ఒకరు బిగువుగా, ఒకరు వదులుగా అల్లితే అతుకు దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది. సరుకు వెనక్కి వస్తే నష్టం షావుకారుదే. యంత్రం మీద తీసిన లేసు పక్కనే చవకగా దొరుకుతున్నప్పుడు ఆయన భయం ఆయనకూ ఉంటుంది.

కనుక నమూనాను అమ్మదలచినవారు ముందుగా దాన్ని కాగితం మీదకు ఎక్కించాలి. మనవారు పువ్వును చూసి పువ్వు అల్లేస్తారు. అది గొప్ప విద్యే గాని, చేతిలో ఉన్నది కాగితం మీద లేకపోతే నాదని చెప్పుకొనే ఆధారం ఉండదు. గళ్ల కాగితం మీద వరస వరసకూ గొలుసులు ఎన్నో, దారం నంబరు, సూది నంబరు, తడిపి పిన్నులు గుచ్చి ఆరబెట్టాక వచ్చే కొలత రాసి, ఆ రాతను చూసి వేరొకరు అల్లగలరో లేదో సరిచూడాలి. పక్కింటి పిల్ల అడగకుండా అల్లగలిగితే నమూనా సిద్ధమైనట్టే. టోకు వర్తకుడికి కావలసిందీ అదే.

ధర దగ్గర మనవారు తరచు బోల్తా పడుతున్నారు. ఎగ్జిబిషన్‌లో నాలుగు వందలకు అమ్మిన ముక్కకు టోకులోనూ నాలుగు వందలు అడిగితే బేరం తెగదు. దుకాణదారుకు లాభం మిగలాలి, మధ్యలో టోకు వర్తకుడికీ మిగలాలి. మాట వరసకు, దుకాణంలో నాలుగు వందల ముక్కను దుకాణదారు రెండు వందలకు కొంటే, టోకు వర్తకుడు మనకు నూట యాభై లోపే ఇస్తాడు. అందులో దారం, అతుకుపని, ఉతుకు, గంజి పోను గంటకు ఎంత గిడుతుందో చూసుకున్నాకే ఒప్పుకోవాలి. కూలి ఒక పద్దు, నమూనా ధర మరో పద్దు. ఒకేసారి ఇంత అని పుచ్చుకోవచ్చు, లేదా ముక్కకు రూపాయి చొప్పున రాయించుకోవచ్చు.

చట్టం కూడా కొంత దన్నుగా ఉంది. 2000 నాటి డిజైన్ల చట్టం చేతితో చేసిన వస్తువుల రూపానికీ వర్తిస్తుంది. రిజిస్టరు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు హక్కు. విడి వ్యక్తికి దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. అయితే నమూనా కొత్తదై ఉండాలి. అమ్మమ్మల నాటి పువ్వు ఎవరి సొత్తూ కాదు. దరఖాస్తుకు ముందే లోకానికి చూపిస్తే హక్కు పోతుంది. వాట్సాప్‌లో ఊరందరికీ పెట్టి ఆ తరువాత దరఖాస్తు అంటే చెల్లకపోవచ్చు. గోప్యంగా ఉంచాలని చెప్పి ఇచ్చిన ముక్కను మాత్రం చట్టం బయటపెట్టినట్టు లెక్కించదు. ఆ మాట రెండు వాక్యాల్లో రాసి సంతకం తీసుకోవడం మంచిది. ఎవరైనా కాజేస్తే జిల్లా కోర్టులో దావా వేయవచ్చు గాని, పరిహారంగా నేరుగా వసూలు చేసుకొనే సొమ్ము ఒక డిజైనుకు మొత్తం మీద యాభై వేలు దాటదు. దావా ఖర్చుకు అది ఏ మూలకు!

ఇక బాకీల సంగతి. ఉద్యమ్ నమోదు ఉచితం. నమోదైన చిన్న తయారీదారుకు కొన్నవారు నలభై ఐదు రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే వడ్డీతో ఇవ్వాలి. “సంక్రాంతి వెళ్లాక చూద్దాం” అనేవారికి ఈ మాట గుర్తుచేయవచ్చు.

ఇదంతా విని ఒంటరి ఇల్లాలు రేపే ఏజెంటును నిలదీస్తే ఏమవుతుంది? ఎల్లుండి నుంచి ఆవిడకు దారం రాదు. ఈ భయం ఉత్తది కాదు. అందుకే అడగవలసింది ఆవిడ కాదు, సంఘం. మన ఊళ్లలో పొదుపు సంఘాలకు కొదవ లేదు. అప్పుల తీర్మానాలు రాసే పుస్తకం పక్కనే నమూనాల పుస్తకం ఒకటి పెట్టి, ముక్క అంటించి, తీసినవారి పేరు, తేదీ వేసి, దరఖాస్తు వెళ్లేదాకా బీరువాలో పెట్టి తాళం వేయాలి. నరసాపురంలో లేసు పార్కు ఉంది, జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారులు ఉన్నారు. సంఘానికి ఏడాదికి ఒకటి రెండు దరఖాస్తుల రుసుము వారు భరిస్తే పోయేదేమీ లేదు. రాబోయే మండల సమాఖ్య సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టాలని, శాంపిలు తీసుకెళ్లే ప్రతి ఏజెంటు చేతా రశీదు రాయించాలని సంఘాల నాయకురాళ్లను కోరుతున్నాం.