శ్రమకాలమున ఇంటి పఠనము

భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు 46 దినములు. ఆదివారములు ఆరింటిని విడిచిన 40. ఈ దినములలో మాంసము మానుట మనకంత కష్టము కాదు. బళ్లారి ఎండలే ఆకలిని సగము చంపును. ఏకాంతమున మోకరించి తప్పులను పేరుపేరున చెప్పుకొనుటయే కష్టము. అది తల్లిభాషలోగాని మాకు నోట రాదు.

1810లో ఈ యూరికి వచ్చిన జాన్ హ్యాండ్స్ గారు బైబిలును కన్నడమున అనువదించిరి. ఆ పనియెడ మాకు గౌరవమే. అయినను బడిలో కన్నడమే నేర్చిన మన పిల్లలు పెక్కురు, అవ్వ చదువు తెలుగు సువార్తను వినగలరేకాని చదువలేరు. వారు రేపు ఏ మాటలతో పశ్చాత్తాపపడుదురు?

మార్కు సువార్త 16 అధ్యాయములు, లూకా 24, వెరసి 40. దినమున కొకటి పిల్లలచేతనే చదివింపవలెనని మా మనవి. రెండు లిపులకు పోలిక కలదు, తడబాటు కొన్నాళ్లే. 39వ దినమగు శుభ శుక్రవారమున లూకా 23వ అధ్యాయము, సిలువ ఘట్టము, తనంతట వచ్చును. ఆనాడు మనుమడు చదువును, అవ్వ వినును.